కబుర్ల కంప్యూటరుకు కరెంటు బిల్లు ఎవరు కడతారు?

శ్రోతలకు నమస్కారం.

ఓ యాభై మందో అయిదొందల మందో కలిసి ఒక కంప్యూటరు మీద మాట్లాడుకుంటున్నారనుకుందాం. వాదనలు, సలహాలు, వేళాకోళాలు, మధ్యమధ్య అలకలు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తీరిక దొరికినప్పుడు ఒక మాట రాసిపోతారు. తరవాత వచ్చినవాళ్ళు చదివి బదులు రాస్తారు. బాగుంది. ఆ కంప్యూటరు ఎక్కడుంది? దాని అద్దె ఎవరు కడుతున్నారు? అర్ధరాత్రి అది ఆగిపోతే నిద్రలేచి చూసేదెవరు? ఖర్చు ఎవరిది? ఈ కాసేపూ ఈ ఒక్క ప్రశ్నే చూద్దాం. ఖర్చు ఎవరిది?

చాలా చోట్ల ఎవరో ఒక ఉత్సాహవంతుడు పెట్టుకుంటాడు. 1984లో అమెరికాలో టామ్ జెన్నింగ్స్ అనే ఆయన ఫిడోనెట్ అనే కంప్యూటర్ల అల్లిక మొదలుపెట్టాడు. ఒక్కో కంప్యూటరు ఒక్కో అభిమాని ఇంట్లో ఉండేది. దూరప్రాంతాల ఫోన్ రేట్లు తగ్గే రాత్రివేళ ఆ కంప్యూటర్లు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని, ఆ రోజు పోగైన ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునేవి. ఎంత ముచ్చటైన ఉపాయం! కానీ ఎంత రాత్రివేళ చేసినా ఫోన్ బిల్లు వచ్చేది ఎవరో ఒకరి ఇంటికే. చేతి చమురు వదులుతున్నా నవ్వుతూ భరించేవాళ్ళు ఉన్నన్నాళ్ళు అది నడుస్తుంది. ఇక ప్రకటనల డబ్బుతో నడిపే పద్ధతి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ డబ్బిచ్చేది మీరు కాదు కాబట్టి, మాట చెల్లేదీ మీది కాదు.

మిగిలింది చందా. మాట్లాడుకునేవాళ్ళే తలా కొంత వేసుకోవడం. దీనికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. అది కాస్త తీరిగ్గా చెబుతాను.

దాని పేరు వెల్. 1985లో కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి అవతలి ఒడ్డున సాసలీటో అనే చిన్న ఊళ్ళో మొదలైంది. మొదలుపెట్టింది ఇద్దరు. ఒకరు స్టీవార్ట్ బ్రాండ్, హోల్ ఎర్త్ క్యాటలాగ్ అనే ప్రచురణతో అప్పటికే పేరున్న మనిషి. రెండోవారు లారీ బ్రిలియంట్. ఈయన డాక్టరు. 1970ల్లో భారతదేశంలో మశూచిని నిర్మూలించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేసినవాళ్ళలో ఒకరు. మశూచి డాక్టరు కంప్యూటరు కబుర్లలోకి ఎలా వచ్చాడని నాకూ మొదట ఆశ్చర్యమే వేసింది. ఆయన కంపెనీ యంత్రాన్నీ సాఫ్ట్‌వేరునీ సమకూర్చింది. బ్రాండ్ వైపు నుంచి పేరు, మనుషులు. చెరి సగం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ రోజుల్లో ఇలాంటి కంప్యూటరు సేవలు గంట లెక్కన గట్టిగానే వసూలు చేసేవి. వెల్ పెట్టిన రేటు నెలకు 8 డాలర్లు, దాని మీద గంటకు 2 డాలర్లు. నెల చందా ఒకటి, గంట మీటరు ఒకటి. రెండూ. ఎందుకు రెండు? ఇది కొంచెం జాగ్రత్తగా వినండి.

అప్పట్లో వెల్‌కి వెళ్ళాలంటే మీ ఇంటి ఫోన్ తీగను మోడెమ్‌కి, అంటే కంప్యూటరు మాటలను ఫోన్ మీద పంపే పెట్టెకి, తగిలించి అక్కడికి ఫోన్ చెయ్యాలి. అవతల ఉన్న మోడెమ్‌లు కొన్నే, లైన్లు కొన్నే. మీరు గంటసేపు లైనులో ఉంటే ఆ గంటా ఆ లైను ఇంకొకరికి దొరకదు. అంటే ఖర్చు నిజంగానే గంటల లెక్కన నడిచేది. కాబట్టి వసూలు కూడా గంటల లెక్కనే. కంప్యూటరుకి, జీతాలకి నెలనెలా అయ్యే ఖర్చుకి నెల చందా. లైను ఆక్రమించినందుకు గంట మీటరు. ఖర్చు ఏ రూపంలో వస్తే వసూలు ఆ రూపంలో. ఈ మాట మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి. ఖర్చు ఏ రూపంలో వస్తే వసూలు ఆ రూపంలో.

మరి ఈ మీటరు కింద డబ్బు పోసిందెవరు? పండితులా? వ్యాపారులా? కాదు. ఒక రాక్ సంగీత బృందం అభిమానులు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే ఆ బృందానికి ఊరూరా వెంట తిరిగే వీరాభిమానులు ఉండేవాళ్ళు. కచేరీలను రికార్డు చేసుకోవడానికి బృందం అనుమతించేది. దాంతో టేపులు ఇచ్చిపుచ్చుకోవడం, ఏ ఊళ్ళో ఏ పాట ఎలా వాయించారో తర్కించుకోవడం, ఆ పాటల్లో మాటలకు అర్థాలు తియ్యడం వాళ్ళకు నిత్యకృత్యం. 1986లో వాళ్ళకోసం వెల్‌లో ఒక విభాగం తెరిచారు. అంతే. కట్ట తెగినట్టు వచ్చి పడ్డారు. ఇందులో చేరడం కోసమే కంప్యూటరు కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు! మొదటి కొన్నేళ్ళూ వెల్ ఆదాయంలో అతి పెద్ద వాటా ఈ అభిమానులదేనని, అక్కడే తిరిగిన రచయిత హోవార్డ్ రైన్‌గోల్డ్ రాశారు. వాళ్ళలో చాలామంది మిగతా విభాగాల మొహం కూడా చూడలేదట. అయినా ఆ విభాగాలన్నిటికీ దీపం పెట్టింది వీళ్ళే. గంభీరమైన చర్చలు చేసే పెద్దమనుషులు ఈ సంగతి ఒకసారి తలుచుకుంటే మంచిదని నా ఉద్దేశం.

ఇంకో తమాషా. డబ్బు తీసుకునే చోటే కొందరికి డబ్బు మాఫీ చేశారు. ఒక్కో చర్చకు ఒక్కో పెద్ద ఉండేవారు. కొత్తవాళ్ళను పలకరించడం, ఆరిపోతున్న చర్చను రాజెయ్యడం, మితిమీరితే మందలించడం ఆయన పని, లేదా ఆవిడ పని. వాళ్ళకు జీతం లేదు, కానీ మీటరు కూడా లేదు. పత్రికా రచయితలకూ ఉచిత ప్రవేశం ఇచ్చారు. వాళ్ళు తమ పత్రికల్లో రాస్తే వెల్‌కి పైసా ఖర్చు లేని ప్రచారం! దొంగపేర్లు మాత్రం కుదరవు. ముద్దుపేరు ఏది పెట్టుకున్నా దాని వెనక అసలు పేరు అందరికీ కనిపించాల్సిందే. "నీ మాటకు నువ్వే సొంతదారువి" అన్నది బ్రాండ్ పెట్టిన సూత్రం. బిల్లు కట్టే మనిషికి ఎలాగూ చిరునామా ఉంటుంది కాబట్టి, చందా ఉన్నచోట ఈ నియమం అమలు చెయ్యడం తేలిక.

నడిపినవాళ్ళ గురించి కూడా ఒక మాట. తొలి నిర్వాహకుడు మాథ్యూ మెక్‌క్లూర్, ఆయన తరవాత వచ్చిన క్లిఫ్ ఫిగాలో, జాన్ కోట్, ముగ్గురూ టెనెసీ రాష్ట్రంలో "ఫార్మ్" అనే ఉమ్మడి సమాజంలో ఏళ్ళ తరబడి బతికి వచ్చినవాళ్ళు. నలుగురి సంపాదనా ఒకే చోట వేసుకుని బతికితే ఏ గొడవలు వస్తాయో, ఎలా తేలతాయో వాళ్ళకు అనుభవం. ఆ అనుభవానికి వ్యాపార పట్టా సాటిరాదని నేననుకుంటాను. తెరమీద పోట్లాడుకున్నవాళ్ళు ఆఫీసులో జరిగే విందుల్లో ఎదురెదురుగా కలుసుకునేవాళ్ళు. కలుసుకున్నాక కోపం కొంతైనా తగ్గకుండా ఉంటుందా!

మరి మీటరుతో ఇబ్బంది లేదా? ఉంది. బాగా రాసేవాళ్ళే ఎక్కువ కట్టాలి. నిదానంగా ఆలోచించి రాసేవాడికీ, నెమ్మదిగా టైపు చేసేవాడికీ అది జరిమానా లాంటిది. గడియారం చూసుకుంటూ ఎవరూ మనసు విప్పి మాట్లాడలేరు. దీనికి మరో చివర ఇంకొక ఊరు ఉంది. బర్క్‌లీలో కమ్యూనిటీ మెమరీ అనే సంస్థ 1980ల్లో జనం తిరిగే చోట్ల కంప్యూటర్లు పెట్టింది. చదవడం ఉచితం. అభిప్రాయం రాయాలంటే పావలా డాలరు నాణెం వెయ్యాలి. చదివితే పుణ్యం, రాస్తే పావలా! నవ్వొస్తుంది గానీ, నోటికొచ్చింది రాసే ముందు జేబు తడుముకోవాల్సి రావడంలో కొంత న్యాయం లేకపోలేదు.

ఇప్పుడా లైన్ల కరువు లేదు. గంట ఎక్కువ ఉన్నంత మాత్రాన ఎవరి లైనూ ఆగదు. సర్వరు (కబుర్లు నడిచే ఆ కంప్యూటరు) అద్దె, పాత సంభాషణలు భద్రపరచడం, చెత్త ప్రకటనలను ఏరేసే మనిషి శ్రమ, ఇవన్నీ ఏడాది పొడుగునా ఒకే తీరుగా వచ్చే ఖర్చులు. ఖర్చు ఏ రూపంలో వస్తే వసూలు ఆ రూపంలో అనుకున్నాం కదా. కాబట్టి ఏడాదికొకసారి చందా. ఇందులో ఇంకో లాభమూ ఉంది. అమెరికాలో కార్డు మీద డబ్బు తీసుకుంటే మామూలుగా పడే కోత 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు. నెలకు ఒక డాలరు చొప్పున వసూలు చేస్తే ప్రతి నెలా 33 సెంట్లు దారిలోనే ఆవిరి. 12 డాలర్లు ఒకేసారి తీసుకుంటే మొత్తం ఏడాదికి పోయేది 65 సెంట్లు. నెలనెలా వసూలు చేస్తే మూడో వంతు మీది కాదు.

సరే, చందా కట్టాం. ఇప్పుడా చోటు మనదేనా?

కాదు. వెల్ సభ్యులకు ఇది ఆలస్యంగా తెలిసొచ్చింది. 1994లో బ్రూస్ కాట్జ్ అనే చెప్పుల వ్యాపారి వెల్‌ని కొన్నాడు. పెద్దది చేస్తానన్నాడు. పాతవాళ్ళలో కొందరికి నచ్చలేదు. వాళ్ళు బయటికొచ్చి, సభ్యులే యజమానులుగా రివర్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. 1999లో వెల్ మళ్ళీ చేతులు మారింది, సలోన్ అనే పత్రికా సంస్థ కొన్నది. ఇన్నాళ్ళూ చందాలు కట్టినవాళ్ళు తమ మాటలతో సహా ఒకరి దగ్గర నుంచి మరొకరికి బదిలీ అయ్యారు. చివరికి 2012లో సలోన్ అమ్ముతానంటే, సభ్యుల్లోంచే పదకొండు మంది ముందుకొచ్చి 4 లక్షల డాలర్లకు కొనుక్కున్నారు. ఇరవై ఏడేళ్ళు చందా కట్టిన చోటును మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది.

అందుకని, మీలో ఎవరైనా నలుగురితో కలిసి ఇలాంటిది పెట్టబోతుంటే మొదటి చందా డబ్బుతో చెయ్యాల్సిన పని ఒకటుంది. సర్వరు కాదు, సాఫ్ట్‌వేరు కాదు. చిరునామా. డొమైన్ పేరు అంటారు చూడండి, అది. దాన్ని ఎవరూ కొనలేరు, అద్దెకు తీసుకోవడమే. డాట్ కామ్ లాంటి పేర్లను ఒక్కసారికి గరిష్ఠంగా పదేళ్ళకు తీసుకోవచ్చు. గడువు దాటితే కొన్ని వారాలు ఆగి, ఆ తరవాత పేరును ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తారు. సర్వరు పాడైతే నకలు నుంచి మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. చిరునామా పోతే మీ సభ్యులు మిమ్మల్ని వెతుక్కోలేరు.

సాధారణంగా జరిగేదేమిటంటే, మొదటి రోజు ఉత్సాహంలో ఎవరో ఒకరు తన పేరు మీద, తన కార్డుతో, తన సొంత ఈమెయిలుతో దాన్ని తీసుకుంటారు. అయిదేళ్ళకు ఆ కార్డు గడువు తీరుతుంది. ఆ ఈమెయిలు ఆయన చూడడం మానేస్తాడు. హెచ్చరికలన్నీ అక్కడికే వెళుతుంటాయి. కనుక ముందు సంఘాన్ని రిజిస్టరు చేసి, చిరునామాను సంఘం పేరు మీద పెట్టండి. హెచ్చరికలు ఇద్దరు ముగ్గురికి చేరే ఉమ్మడి ఈమెయిలు ఇవ్వండి. ఆ ఈమెయిలు మాత్రం అదే డొమైన్ మీద ఉండకూడదు. చిరునామా ఆగిపోయిన రోజున దానితోపాటు ఈమెయిలు కూడా ఆగిపోతుంది, ఇక ఏ హెచ్చరికా మీకు చేరదు. పాస్‌వర్డు కోశాధికారి దగ్గరా ఉండాలి, ఇంకో సభ్యుడి దగ్గరా ఉండాలి. గడువు తేదీని ఏటా సభ్యులకు పంపే జమాఖర్చుల కాగితంలో మొదటి వరసలోనే రాయండి.

సెలవు, నమస్కారం.