వాకీటాకీ పవర్ పెంచకండి, సరిచేయండి

అందరికీ నమస్కారం.

నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్ మీద ఎన్ని వాకీటాకీలు మోగుతుంటాయో మీరంతా చూసే ఉంటారు. అలాంటి సెట్లు మన బల్ల మీదికి రిపేరుకి వచ్చినప్పుడు చాలామంది అడిగేది ఒక్కటే: "అన్నా, కొంచెం పవర్ పెంచి ఇవ్వు."

వాళ్లకు ఓపిగ్గా చెప్పండి. 4 వాట్లను 5 వాట్లు చేస్తే పెరిగేది 1 డెసిబెల్ (సిగ్నల్ బలంలో తేడాను చెప్పే కొలత) మాత్రమే. అవతల వినేవాళ్లకు ఆ తేడా దాదాపు తెలియదు. వాళ్ల సెట్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ఒక్క గీత పైకి లేవాలన్నా పవర్ నాలుగు రెట్లు కావాలి. ఇవతల మాత్రం పవర్‌ను బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర వచ్చే అనవసర సిగ్నళ్లు) పెరిగి పక్కవాళ్ల ఫ్రీక్వెన్సీలో దూరతాయి. సెట్ మీద 5 వాట్లని ఉంటే 5 వాట్లే రావాలి. కాలిబ్రేషన్ అంటే అంతే.

అసలు చిక్కు మీటర్ దగ్గర ఉంది. కేబుల్ మధ్యలో పెట్టి పవర్ కొలవడానికి మనం ఎక్కువగా వాడే త్రూలైన్ వాట్‌మీటర్ కచ్చితత్వం ఫుల్ స్కేల్‌లో, అంటే అది చూపగల గరిష్ఠ అంకెలో, 5 శాతం. చదివిన అంకెలో 5 శాతం కాదు, దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఎంత పవర్ దాకా కొలవాలో నిర్ణయించే ముక్కే ఎలిమెంట్, దాన్ని మీటర్‌లో మార్చి పెడతాం. 50 వాట్ల ఎలిమెంట్ పెడితే ఎక్కడ చదివినా రెండున్నర వాట్లు అటూ ఇటూ ఉండొచ్చు. ముల్లు 5 దగ్గర ఆగితే అసలు పవర్ రెండున్నరా కావచ్చు, ఏడున్నరా కావచ్చు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద తులం బంగారం తూచినట్టే. 10 వాట్ల ఎలిమెంట్ పెడితే తప్పు అర వాటుకు దిగుతుంది. ఆ ఎలిమెంట్ మీ ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌దేనా అన్నదీ చూడండి. హెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ లోపు) కోసం చేసిన చవక ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్, అంటే యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తుందో చూపేది, యూహెచ్‌ఎఫ్‌లో (300 మెగాహెర్ట్జ్ పైన) చూపే అంకెను నేనైతే లెక్కలోకే తీసుకోను.

కేబుల్ కూడా కొంత తినేస్తుంది. సన్నటి ఆర్‌జీ-58 రకం కోయాక్సియల్ కేబుల్ మీటరు పొడవుంటే యూహెచ్‌ఎఫ్‌లో ఇంచుమించు 0.3 డెసిబెల్, అంటే దాదాపు 7 శాతం పవర్ దారిలోనే పోతుంది. అందుకే కేబుల్ పొట్టిగా ఉండాలి. చివర యాంటెన్నా కాదు, పవర్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మార్చేసే మంచి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ ఉండాలి.

సెట్‌కు బ్యాటరీ బదులు బెంచ్ పవర్ సప్లై ఇవ్వండి. 7.4 వోల్టుల లిథియం ప్యాక్ నిండా చార్జ్ అయితే 8.4 చూపిస్తుంది, వాడుతుంటే దిగుతుంది. అలా మారే వోల్టేజి మీద ఏదీ సరిచేయలేం. తయారీదారు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన వోల్టేజే పెట్టండి.

సెట్ లోపలి పవర్ విలువలను మార్చే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే పాత విలువలు సేవ్ చేసుకోండి. ఒక్క ఫ్రీక్వెన్సీలో సరిచేసి ఆపొద్దు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ సెట్ అయితే కింద, మధ్య, పైన సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ విలువ అడిగితే అక్కడల్లా హై పవర్, లో పవర్ రెండూ పెట్టాలి. మధ్యలో 5 వాట్లు ఇచ్చే సెట్ అంచుల్లో మూడుకే ఆగిపోవచ్చు. ప్రతిసారీ కొద్ది సెకన్లే పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కండి, సప్లై మీద ఆంపియర్లూ చూస్తుండండి. విలువ పెంచుతున్నా వాట్లు పెరగకుండా కరెంట్ మాత్రమే ఎగబాకితే వెంటనే వెనక్కి తగ్గండి. అక్కడ లోపం కాలిబ్రేషన్‌ది కాదు, పవర్ స్టేజ్‌లోనో సోల్డరింగ్‌లోనో ఉంటుంది.

సెట్, సప్లై, డమ్మీ లోడ్ ఈ బల్ల మీద కలిపి పెట్టాను. దగ్గరికి రండి, ముందు పాత విలువలు సేవ్ చేద్దాం.