ఒక్క కాగితంలో చార్మినార్: ఏది కోయాలి, ఏది ఉంచాలి

[తెర మీద: కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్న నల్ల కాగితం. కమాను గుండా వెలుగు.]

నమస్తే అండీ. చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. అందులో కమాను వెడల్పే సుమారు 11 మీటర్లు. అంటే ఎదురుగా నిలబడి చూస్తే కింది భాగంలో సగానికి పైగా ఖాళీయే! 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడం పేపర్ కటింగ్‌కు ఇంత బాగా కుదిరేది అందుకే. కమాను కోసి తీసేస్తే చాలు, సగం బొమ్మ వచ్చేసినట్టే.

[తెర మీద: రెండు ఫోటోలు పక్కపక్కన]

ముందు మంచి ఫోటో కావాలి. దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే మీనార్లు లోపలికి వాలినట్టు పడతాయి. అదే రోడ్డు మీద కాస్త దూరంలో ఉన్న గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దాకా వెనక్కి వెళ్లండి. ఫోన్ నిటారుగా పట్టుకుని, జూమ్ చేసి తీయండి. పొద్దున్నే వెళితే అడ్డం తక్కువ.

కొలత 250వ వంతుకు తగ్గిద్దాం. గోడ 8 సెంటీమీటర్లు, కమాను 4.4 సెంటీమీటర్లు. మీనార్లతో సహా ఏ4 కాగితంలో సరిపోతుంది. ట్రేసింగ్ కాగితం మీద సగం గీసి, తిరగేసి మిగతా సగం గీయండి. అసలు కాగితాన్ని మాత్రం మడవొద్దు, ఆ మడత గీత మరి పోదు.

[తెర మీద: గడియారం దగ్గరి షాట్]

అసలు కష్టం ఇక్కడుంది. కాగితంలో ఏ ముక్కా చుట్టుపక్కల దేనికీ అంటకుండా నిలవదు. 1889లో చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టారు. మీరు గడియారం చుట్టూ గుండ్రంగా కోశారంటే డయల్ మొత్తం ఊడి కింద పడుతుంది. అందుకని 12, 3, 6, 9 అంకెల దగ్గర సన్నటి పట్టీలు వదలండి. అవే గంటల గుర్తుల్లా కనిపిస్తాయి, అతుకు పెట్టినట్టే ఉండదు. మథురలో సాంఝీ అనే కాగితం కత్తిరించే కళ చేసేవాళ్లు చిన్న కత్తెరతో పూలూ నెమళ్లూ కత్తిరించేటప్పుడు కూడా ఇదే చూసుకుంటారు. గీసేటప్పుడే ఉంచే భాగానికంతా పెన్సిల్‌తో నీడ వేయండి. ఎక్కడైనా నీడ తెగిపోయి విడిగా కనిపిస్తే, ఆ ముక్క ఊడేదే.

గోడల మీది గచ్చు పూలన్నీ కోయాలని చూడకండి. నా మాట వినండి, మీనార్ల చుట్టూ ఉన్న బాల్కనీల వరుసలు, పైన గుమ్మటాలు, చిన్న కమానుల వరుస, ఇవి చక్కగా వస్తే చాలు. చార్మినార్‌ను ఎవరైనా గుర్తుపట్టేది వాటితోనే. బాల్కనీ అంచు ఒక్క మిల్లీమీటరు బయటికి రావాలి. అది మరిచిపోతే మీనార్ ఉత్త స్తంభంలా మిగిలిపోతుంది.

[తెర మీద: చేతులు, కటింగ్ మ్యాట్, కత్తి]

ఐవరీ షీట్ తీసుకోండి, మరీ మందంగా వద్దు. క్రాఫ్ట్ కత్తి, కొత్త బ్లేడు, స్టీల్ స్కేలు, కింద కటింగ్ మ్యాట్. స్కేలు పట్టుకున్న వేళ్లు కత్తి దారిలో ఉండకూడదు. చిన్న రంధ్రాలు ముందు, పెద్ద కమాను తర్వాత, బయటి అంచు అన్నిటికంటే చివర. పెద్దది ముందే కోసేస్తే కాగితంలో బిగువు పోయి, చిన్నవి కోసేటప్పుడు చిరుగుతుంది. వంపు వచ్చినప్పుడు కత్తిని కాదు, కాగితాన్ని తిప్పండి. ముక్క రాకపోతే లాగొద్దు, మూలలో మరోసారి బ్లేడు మొన ఆనించండి. అంచు నూగులా లేచిందంటే బ్లేడు మార్చే వేళయింది.

[తెర మీద: రెండు పొరలు ఒకదాని వెనక ఒకటి]

ముందు కమాను గుండా చూస్తే అవతలి వైపు కమాను కూడా కనిపిస్తుంది కదా? దాన్ని లేత రంగు కాగితంలో, కాస్త చిన్నదిగా కోసి వెనక పెట్టండి. రెండు కాగితాల మధ్య ఫోమ్ టేపు ముక్కలు అంటిస్తే ఎడం వస్తుంది, నీడ పడుతుంది. టేపు ముక్కలు మీనార్ల వెనకాలే ఉండాలి, లేకపోతే కమానులోంచి బయటపడతాయి. ఫ్రేము కట్టించేటప్పుడు కూడా అద్దం కాగితానికి ఆనకుండా ఎడం వదలమని చెప్పండి.