ముందు తెర్లనివ్వండి, తరవాతే సన్నసెగ

అందరికీ నమస్కారమండి. చలికాలం పొద్దున్నే పనులు వదులుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఇవాళ మనం స్లో కుక్కర్‌లో, అంటే సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్‌లో, గింజల సూపు చేసుకోవడం గురించి మాట్లాడుకుందాం.

మా అమ్మమ్మ గారింట్లో పశువుల పాక పక్కన ఒక దాలి ఉండేది. మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు, నేలలో చిన్న గుంట, అందులో పిడకలు, పైన కాస్త ఊక. పొద్దున్న పాలకుండ పెడితే మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి వేలు మందాన మీగడ కట్టేది, మంట మాత్రం ఎక్కడా కనిపించేది కాదు. ఎడ్లకి ఉలవలు కూడా అలాగే సన్నసెగ మీద గంటల తరబడి ఉడికేవి, ఆ కట్టుతోనే మాకు చారు. ఈ బల్ల మీదున్న స్లో కుక్కర్ చేసేదీ ఆ పనే. లోపల బరువైన పింగాణీ గిన్నె, దాని చుట్టూ చిన్న హీటరు, పైన గాజు మూత, అంతే.

దీని పుట్టుక కూడా గింజలతోనే ముడిపడి ఉందండి. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకి 1940లో దీని మీద పేటెంట్ వచ్చింది. లిథువేనియాలో వాళ్ల అమ్మమ్మ గింజల వంటకాన్ని రాత్రంతా బేకరీ పొయ్యిలో, ఆరిపోతున్న వేడిలో ఉంచేవారట, ఆ సంగతి వాళ్లమ్మ చెప్పగా విని ఆయన దీన్ని తయారుచేశారు. ఎక్కడి అమ్మమ్మ, ఎక్కడి దాలి! ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను.

కానీ నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇంకొకటి. కుక్కర్ కొన్న కొత్తలో ఎర్ర రాజ్మా రాత్రి నానబెట్టి, పొద్దున్నే నేరుగా ఇందులో పోసి, సన్నసెగ మీద పెట్టి నా పనికి నేను వెళ్లిపోయాను. సాయంత్రానికి గింజలు మెత్తగానే కనిపించాయి. తిన్న రెండు గంటలకి మా అత్తగారికీ మా వారికీ వాంతులు, తరవాత విరేచనాలు. డెబ్బై దాటిన మనిషి, రాత్రంతా ఆవిడ పక్కనే కూర్చుని ఓఆర్ఎస్ తాగిస్తూ ఏం తప్పు చేశానా అని ఒకటే టెన్షన్. నీళ్లనుకున్నాను, నూనె అనుకున్నాను. తప్పు గింజలది కాదు, నేను ఉడికించిన పద్ధతిది.

రాజ్మాలో, ముఖ్యంగా ఎర్రవాటిలో, లెక్టిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, కడుపు తిప్పేస్తుంది. నీళ్లు బాగా తెర్లే వేడిలో, అంటే 100 డిగ్రీల దగ్గర, దాని విషం పోతుంది. స్లో కుక్కర్ సన్నసెగ చాలాసార్లు అంతవరకు వెళ్లదు. పైగా 80 డిగ్రీల దగ్గరే ఆగిపోతే ఆ విషం తగ్గకపోగా పెరుగుతుందని తేలింది. అందుకని కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టండి, ఆ నీళ్లు పారబోయండి, కొత్త నీళ్లు పోసి గ్యాస్ మీద బుడగలు పొంగేలా తెర్లనివ్వండి. పది నిమిషాలు చాలంటారు, అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం నిశ్చింత కోసం అరగంట అంటుంది, నేను అరగంటే ఉంచుతాను. ఆ తరవాతే స్లో కుక్కర్‌లోకి. బొబ్బర్లకీ ఎండు చిక్కుడు గింజలకీ కూడా నేను ఇదే పద్ధతి పాటిస్తున్నాను.

ఇక సూపు. పావుకిలో గింజలకి సుమారు లీటరుంపావు నీళ్లు, ఇందులో ఆవిరి బయటికి పోదు కాబట్టి మామూలుగా పోసేదానికంటే తగ్గించాలి. రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్, వెల్లుల్లి ఎక్కువగా, అల్లం, మిరియాలు, జీలకర్ర. సన్నసెగ మీద ఏడెనిమిది గంటలు. మధ్యలో మూత తీయకండమ్మా, తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. చింతపండు, టమాటా ముందే వేస్తే పులుపుకి గింజ బిగుసుకుపోతుంది, ఆఖరి గంటలో వేయండి. ఉప్పు వేస్తే ఉడకదని మనవాళ్లు అంటారు గాని, నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే తొక్క ఇంకా మెత్తబడుతుంది. ఎన్ని గంటలు పెట్టినా గింజ రాయిలా ఉందంటే ఒకటి గింజ పాతదై ఉండాలి, లేదా నీళ్లలో సున్నం ఎక్కువై ఉండాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, తాగే నీళ్లే వాడండి.

దించే ముందు ఒక గరిటెడు గింజలు మెదిపి కలిపితే చిక్కబడుతుంది. మన కోనసీమలో కొబ్బరికి లోటేముంది, చిక్కటి కొబ్బరిపాలు ఆఖరి పావుగంటలో పోసి, నేతిలో ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టండి. మునగాకు గుప్పెడు వేస్తే నాకు ఇంకా ఇష్టం.

కరెంటు గురించి రెండు ముక్కలు. 200 వాట్ల కుక్కర్ ఎనిమిది గంటలు నడిస్తే ఒకటిన్నర యూనిట్ల పైచిలుకు, అంతే. పిల్లలు అమెరికా నుంచి తెచ్చినది మాత్రం నేరుగా మన ప్లగ్గులో పెట్టకండి, అది 120 వోల్టులది, మనది 230. తుఫాను రోజుల్లో రాత్రిపూట పెట్టకండి. కరెంటు పోయిందని తెలిసిన వెంటనే గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద పూర్తి చేయండి. ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఎంత బాధగా ఉన్నా పారబోయండి.

ఇవి రాత్రి నానబెట్టిన బొబ్బర్లు. తెల్లవారుజామున తెర్లించి ఇందులో పోశాను, మీరు వచ్చేదాకా మూత తీయలేదు. ఇప్పుడు తీస్తున్నాను, ముందు పెద్దవాళ్లకి గ్లాసులు అందించండి.