సంతకానికి ముందు జరగవలసిన పని

అధ్యక్షులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

1897 ఆగస్టులో మన జంటనగరాల్లోనే రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పినప్పుడు, ఆయన పెంచిన దోమలచేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది, బేగంపేటలోని భవనానికి ఆయన పేరు నిలిచింది. ఖాన్ వంటివారి తరఫున అడిగే మనిషిని పరిశోధకుడి ఎదుట కూర్చోబెట్టడమే, పరిశోధన మొదలుకాకముందే దాన్ని పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ అసలు పని అని నా అభిప్రాయం.

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురుండాలి. వారిలో సగం మందికి తగ్గకుండా ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి. వైద్య, పరిశోధన రంగాలకు చెందని ఒక సామాన్యుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి. ఆ సామాన్య సభ్యుణ్ణి కోరం నింపడానికి పిలిచినట్టు చూడటం మన సంస్థల్లో కొత్తేమీ కాదు. నిజానికి, రక్తం ఎన్నిసార్లు తీస్తారు, ఒక్కోసారి ఎన్ని చెంచాలు, ఉప్పల్ నుంచి వచ్చే కూలీకి పోయిన రోజు కూలి ఎవరిస్తారు, మధ్యలో మానేస్తే మామూలు వైద్యం అందుతుందా అన్న ప్రశ్నలు ఎక్కువగా ఆయన నోటినుంచే రావాలి.

ఈ ప్రశ్నలు అడగకపోతే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, అనేక అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. అధ్యయన కాలంలో చనిపోయిన బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయినా వార్డెన్ సంతకం తల్లి సంతకం కాజాలదు.

జంతువుల విషయంలో సంతకమన్న మాటే లేదు కనుక, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన వ్యవస్థలో ప్రభుత్వం నామినేట్ చేసిన బయటి సభ్యులు సంస్థ కమిటీలో కూర్చుంటారు. ఎలుక బరువు ఎంత తగ్గితే ప్రయోగం ఆపి, నొప్పి తెలియకుండా దాని ప్రాణం తీస్తారో పరిశోధకుడు ముందే రాసివ్వాలి. ఎన్ని ఎలుకలు కావాలో లెక్కకట్టి చూపాలి. ‘వెనుకటివారు ఆరేసి ఎలుకలను వాడారు’ అంటే చెల్లదు. మరీ తక్కువ ఎలుకలతో చేసిన ప్రయోగంలో ఏదీ తేలకపోతే అవి ఊరికే చచ్చినట్టే కనుక, సంఖ్య తగ్గించమని చెప్పే కమిటీయే ఒక్కోసారి పెంచమని కూడా చెప్పవలసి వస్తుంది.