డిస్కు టిక్కుమన్నప్పుడు

శ్రోతలకు నమస్కారం.

పోయిన మాఘమాసంలో ఓ రాత్రి పదకొండు దాటాక మా బావమరిది తెనాలి నుంచి ఫోన్ చేశాడు. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీయడం వాడి పని. ముహూర్తాల రోజుల్లో వాడు ఫోన్ ఎత్తడమే గగనం, తనంతట తాను చేయడమా! ఎత్తగానే, "బావా, ఒక్కసారి ఇది విను" అని ఫోన్‌ను దేనికో ఆనించాడు. టిక్... టిక్... టిక్... ఐదారుసార్లు కొట్టుకుని ఆగింది. కాసేపటికి మళ్లీ టిక్... టిక్. గోడగడియారం అనుకుందామంటే ఏ గడియారమూ అంత గాబరాగా కొట్టుకోదు.

అది వాడి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. రెండు టెరాబైట్లది. అందులో మూడు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షను, ఒక గృహప్రవేశం ఉన్నాయి. ఒక్కరికీ ఇంకా ఆల్బమ్ ఇవ్వలేదు. కెమెరా కార్డులేమో చెరిపేసి తర్వాతి పెళ్లికి వాడేశాడు.

"కింద పడిందా?" అన్నాను.

"పడలేదు బావా. టేబుల్ మీంచి జారింది, అంతే."

మన భాషలో ఇదో సదుపాయం. ఎదుటివాళ్ల చేతిలోంచి పడుతుంది, మన చేతిలోంచి జారుతుంది.

ఆ టిక్కు ఎక్కడిదో చెప్పాలంటే డిస్కు లోపలికి వెళ్లాలి. పేరుకు కంప్యూటర్ సామానే గానీ, హార్డ్ డిస్కు నిజానికి తిరిగే యంత్రం. అద్దంలా మెరిసే పళ్లేలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. మావాడి డిస్కు లాంటి చిన్నవాటిలో అవి నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. పళ్లెం అంచు వేగం గంటకు 60 కిలోమీటర్ల పైమాటే. ఆ పళ్లెం మీద సమాచారాన్ని రాసే, చదివే భాగాన్ని హెడ్ అంటారు. అది పళ్లేన్ని తాకదు. తిరుగుడుకు పుట్టే గాలి మీద తేలుతూ, కొన్నే కొన్ని నానోమీటర్ల ఎత్తులో పోతుంటుంది. మన తలవెంట్రుక మందమే 70, 80 వేల నానోమీటర్లు. అంటే మనం వేలితో ముట్టుకుంటే అంటుకునే జిడ్డు కూడా ఆ హెడ్‌కు కొండతో సమానం.

ఫ్యాక్టరీలోనే ఆ పళ్లేల మీద దారి చూపే గుర్తులు వేసి పంపిస్తారు. హెడ్ వాటిని చూసుకుంటూ నడుస్తుంది. దెబ్బ తగిలి హెడ్ వంగిందనుకోండి, గుర్తులు కనబడవు. వెనక్కి తన చోటికి వెళ్లిపోతుంది, మళ్లీ బయల్దేరుతుంది, మళ్లీ కనబడవు. అలా పోయి వచ్చి కొట్టుకునే చప్పుడే ఈ టిక్కు. పోయి వచ్చే ప్రతిసారీ వంగిన హెడ్ పళ్లేన్ని గీరే ప్రమాదం ఉంది. గీరిన చోట రేణువులు లేస్తాయి. ఆ రేణువులు మిగతా పళ్లేన్ని కూడా పాడుచేస్తాయి.

అందుకని టిక్కు వినబడితే చేయాల్సిన పని ఒక్కటే. వైరు పీకేయడం.

మావాడు పీకాడు. పీకి మళ్లీ పెట్టాడు. వైరు మార్చి పెట్టాడు. పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. వెనకటి రోజుల్లో టీవీని కొట్టినట్టు అరచేత్తో రెండు దెబ్బలు వేసి పెట్టాడు. ఒకసారి కాసేపు పలికినట్టే పలికి, "ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని తెరమీద అడిగిందట. అక్కడ మాత్రం వద్దని నొక్కాడు, నా చెల్లెలి అదృష్టం. కంప్యూటర్ అలా అడిగితే ఎప్పుడూ వద్దనే నొక్కండి. దానికి చదవడం రాక అడుగుతోంది, అంతే.

తర్వాత ఎవరో వీడియోలో చెప్పారని డిస్కును కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టాడు. ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన మూడు పెళ్లిళ్లు! ఈ చిట్కా ఇప్పటిది కాదు, ఏ కాలంలోనో ఎవరికో పనిచేసిందంటారు. కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు బయట చెమట పట్టడం చూస్తుంటాం కదా, ఆ చెమట డిస్కు లోపల పళ్లేలకూ పట్టొచ్చు. తడి పళ్లెం మీద హెడ్ నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"ఒరేయ్, దాన్ని తీసి, ముట్టుకోకుండా పక్కన పెట్టి పడుకో" అన్నాను. తీశాడు గానీ పడుకోలేదని తెల్లారాక మా చెల్లెలు చెప్పింది.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి చెవి సంగతే ఇంకొంచెం చెబుతాను. పాడైన డిస్కు జబ్బును సగం చెవితోనే పట్టుకోవచ్చు. టిక్కుమంటే హెడ్. తిరగకుండా సన్నగా కుయ్ కుయ్ మంటుంటే, హెడ్ పళ్లేనికి అతుక్కుపోయి మోటారు తిరగలేకపోతోందని అనుమానించాలి. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే తప్పు కరెంటు వైపు, అడుగున ఉండే ఆకుపచ్చ బోర్డు వైపు ఉండొచ్చు. ఒకప్పుడు అదే మోడల్ డిస్కు బోర్డు తెచ్చి బిగిస్తే పనైపోయేది. ఇప్పటివాటిలో ఏ డిస్కు కొలతలు ఆ డిస్కు బోర్డు మీదున్న చిన్న చిప్‌లో రాసి ఉంటాయి. ఆ చిప్‌ను పీకి కొత్త బోర్డుకు అతికించాలి. రిపేరు తెలిసినవాళ్లకు అదేం పెద్ద విషయం కాదు.

చప్పుడు మామూలుగానే ఉండి ఫైళ్లు మాత్రం కనబడకపోతే, సాధారణంగా అది అదృష్టవంతుల జబ్బు. ఫైలును డిలీట్ చేస్తే అది అప్పటికప్పుడు చెరిగిపోదు. రైలు చార్టులో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి బెర్తు దిగిపోడు కదా! ఇంకొకరికి ఆ బెర్తు ఇచ్చేదాకా అక్కడే పడుకుని ఉంటాడు. డేటా కూడా అంతే. ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు చార్టుతో పని లేకుండా బెర్తు బెర్తుకూ వెళ్లి చూస్తాయి. అయితే ఆ ప్రోగ్రామును పోయిన డిస్కు మీదే ఎక్కించకూడదు. దొరికిన ఫైళ్లనూ దాని మీదే దాచకూడదు. అలా చేస్తే వెతికేవాణ్ని తీసుకెళ్లి అదే బెర్తులో కూర్చోబెట్టినట్టే. ఈ మధ్య ల్యాప్‌టాపుల్లో వస్తున్న, తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీదే దాచే ఎస్‌ఎస్‌డీల కథ వేరు. ఫైలు డిలీట్ చేశాక వాటిలో చాలామటుకు టీసీ తొందరగానే వచ్చి బెర్తు ఖాళీ చేయించేస్తాడు.

ఇంకో రకం ఉంది. డిస్కు తిరుగుతుంది, కనబడుతుంది, కానీ ఒక్కో ఫోల్డరు తెరవడానికి పది నిమిషాలు పడుతుంది. అక్కడక్కడా సెక్టార్లు, అంటే పళ్లెం మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు, చచ్చిపోయాయన్న మాట. విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేయడానికి ఉండే చెక్‌డిస్క్‌ను ఇలాంటి డిస్కు మీదకు వదలకండి, దాని రిపేరు పద్ధతికి ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. ముందు మొత్తం డిస్కును మంచి డిస్కు మీదకు ఉన్నదున్నట్టు నకలు తీయాలి. లైనక్స్‌లో ఈ పనికి డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రాముంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాసేసే పిల్లాడిలా, తేలిగ్గా చదవగలిగినవన్నీ ముందు లాగేసి మొండి సెక్టార్ల దగ్గరికి ఆఖర్న వస్తుంది. ఇక వెతుకులాట ఏదైనా ఆ నకలు మీదే.

మా బావమరిది జబ్బు వీటిలో తేలికైనది కాదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ వచ్చాడు. డిస్కును టవల్లో చుట్టి, బ్యాగులో కూడా పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాడు. తెలిసినవాళ్లు చెప్పారని ముందొక కంప్యూటర్ షాపుకు వెళ్లాం. అక్కడి కుర్రాడు డిస్కును అటూ ఇటూ తిప్పి, "తెరిచి చూద్దామా సార్?" అంటూ స్క్రూడ్రైవర్ తీశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, తలుపు బయట రోడ్డు. వాడి చేతిలోంచి డిస్కును దాదాపు లాక్కున్నాను. పాపం, ఆ అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు.

డేటా రికవరీ మీదే పనిచేసే ల్యాబులు వేరే ఉంటాయి. అలాంటి చోటికి వెళితే ముందు రెండు సంగతులు అడిగి, కాగితం మీద రాయించుకోండి. డేటా రాకపోతే డబ్బు తీసుకుంటారా లేదా అన్నది ఒకటి. డబ్బు కట్టే ముందు ఏయే ఫైళ్లు వచ్చాయో జాబితా చూపిస్తారా అన్నది రెండోది. డిస్కుకు విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా వెతికి పట్టుకెళ్లండి. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. ఆ కీ లేకపోతే ల్యాబువాళ్లు ప్రాణం పోసినా లోపలి సరుకు చదవలేరు.

మేం వెళ్లిన ల్యాబులో ఒకాయన డిస్కును ముట్టుకోకముందే, "పడ్డాక ఎన్నిసార్లు కరెంటు ఇచ్చారు?" అన్నాడు.

మావాడు, "ఓ నాలుగైదు సార్లు" అన్నాడు.

ఆయన ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నాడు.

"పది."

ఇంకా చూస్తున్నాడు.

"లెక్కపెట్టలేదండీ" అన్నాడు మావాడు, తల దించుకుని.

అప్పుడు నాకు కొలంబియా డిస్కు గుర్తొచ్చింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగి వస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు చనిపోయారు. ఆ నౌకలో జెనాన్ వాయువు చిక్కదనం మీద ఒక ప్రయోగం జరిగింది. దాని డేటా కొంత ఆకాశం నుంచే కిందికి పంపారు, మిగతాది ఒక హార్డ్ డిస్కులో ఉండిపోయింది. అర జీబీ కూడా పట్టని పాతకాలపు డిస్కు. కొన్ని నెలల తర్వాత, ఎండిపోయిన ఒక సరస్సు అడుగున అది దొరికింది. బోర్డు కాలిపోయింది, ప్లాస్టిక్ అంతా కరిగిపోయింది, లోపలికి మట్టి చేరింది. అమెరికాలోని ఆన్‌ట్రాక్ అనే రికవరీ కంపెనీవాళ్లు పళ్లేలను శుభ్రం చేసి వేరే డిస్కులో అమర్చారు. సుమారు 99 శాతం డేటా వచ్చింది. ఆ ప్రయోగం ఫలితాలు 2008లో ఒక భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. అదృష్టం కూడా కలిసొచ్చింది. డిస్కు సగమే నిండి ఉంది. పళ్లేలకు గుంటలు పడ్డది ఖాళీ భాగంలో.

మరి అన్ని కిలోమీటర్ల ఎత్తు నుంచి పడ్డది 99 శాతం ఇస్తే, టేబుల్ మీంచి జారింది ఎందుకివ్వదని మావాడు అడిగాడు. ల్యాబు ఆయన నవ్వి, "దానికి ఎవరూ మళ్లీ కరెంటు పెట్టలేదు సార్. పెడదామన్నా బోర్డు మిగల్లేదు" అన్నాడు.

నీళ్లలో మునిగిన డిస్కులకూ ఇదే వర్తిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి, షాపుల్లోకి నీళ్లొచ్చాయి కదా. అలా బురదలో తడిసిన డిస్కును ఎండబెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎండబెడితే ఆ బురద పళ్లేలకు పట్టేస్తుంది. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూసి, ఆ తడిమీదే ల్యాబుకు చేర్చాలి. బియ్యం డబ్బాలో పెట్టే పని అసలే వద్దు.

ఇక మా డిస్కు. దుమ్ము లేని గాలి మాత్రమే వీచే గాజు అరలో దాని మూత తీశారు. నేను అద్దం అవతలి నుంచి చూశాను. పై పళ్లెం మీద, స్టీలు కంచానికి సూదితో గీసినట్టు ఒక సన్నని వలయం కనబడింది. అంతే. ఆ ఒక్క గీతే. అదే మోడల్, దగ్గర దగ్గర అదే బ్యాచ్ డిస్కును ఒకటి వెతికి తెప్పించి, దాని హెడ్లు తీసి మా డిస్కుకు అమర్చారు. అలాంటి డిస్కును వాళ్లు డోనర్ అంటారు, కిడ్నీ ఇచ్చినవాళ్లను అన్నట్టే. నకలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టింది. రోజూ రాత్రి వాట్సాప్‌లో శాతం వచ్చేది. 31, 44, 44, 44, 52. ఆ 44 దగ్గర ఆగిన మూడు రోజులూ మావాడు అన్నం సరిగ్గా తినలేదు. ఆఖరికి 87 దగ్గర ఆపేశారు. ఖర్చు 38 వేలు.

1956లో ఐబీఎం వాళ్లు చేసిన మొదటి డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. బరువు టన్ను దాకా. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మావాడి కెమెరాలో ఒక్క ఫొటోకు కూడా అది చాలదు. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కు మీద సూది గీత పడితే పెళ్లిలో ఎన్ని ఘట్టాలు పోతాయో ఊహించుకోండి.

ఓణీల ఫంక్షను, గృహప్రవేశం పూర్తిగా వచ్చాయి. ఒక పెళ్లిలో తలంబ్రాల వీడియో రాలేదు. ఆ పెళ్లివారు మిగతా డబ్బులు ఇవ్వలేదు, మావాడు అడగనూ లేదు. ఇంకో పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో ఒకటే మిగిలింది. అదీ పైసగమే. ఫొటో పైనుంచి కిందికి వరసగా తెరుచుకుంటుంది, మధ్యలో సెక్టార్లు పోతే అక్కణ్నుంచి అంతా బూడిదరంగు. ఆ ఫొటోలో ఒకరి తలమీద ఒకరు పెట్టిన చేతులు, తమలపాకులు, బాసికాలు ఉన్నాయి. కనుబొమల కింద నుంచి ఏమీ లేదు. మావాడు బిక్కుబిక్కుమంటూ చూపిస్తే, పెళ్లికూతురి నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. "చేతులొచ్చాయిగా నాయనా. ఎవరివో మాకు తెలుసులే, వేసెయ్" అంది.

ఇప్పుడు మావాడు కార్డు చెరిపే ముందు రెండు డిస్కుల్లోకి ఎక్కిస్తున్నాడు. ఒకటి తెనాలిలోనే ఉంటుంది. రెండోది నెలకోసారి ఆర్టీసీ కార్గోలో మా ఇంటికి వస్తుంది, డబ్బా మీద "జాగ్రత్త, పెళుసు సామాను" అని ఎర్ర స్కెచ్‌తో రాసి. మా ఆవిడ బీరువాలో పట్టుచీరల మధ్య పెడుతోంది. నిన్నటికి అక్కడ పదకొండు పెళ్లిళ్లయ్యాయి.

నమస్కారం.