ఆఖరి జీతంతో పేచీ

శ్రోతలకు నమస్కారం. రిటైరయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్ల గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం. "ఏదో కాలక్షేపానికి చేస్తున్నానండీ, జీతం ఎంతైతే ఏం" అని అందరి ముందూ తేలిగ్గా అనేవాళ్లకి కూడా మొదటి నెల జీతం పడిందని బ్యాంకు మెసేజ్ రాగానే, అది రిటైరయ్యే ముందు అందుకున్న ఆఖరి జీతం కంటే తక్కువని చూసి మనసు చివుక్కుమంటుంది. ఆ అంకె ముందే తెలుసు, కాగితం మీద సంతకం కూడా పెట్టారు, పోనీ ఇల్లు గడవని పరిస్థితా అంటే చాలామందికి అదీ కాదు, అయినా సరే బాధ. పైగా బాధపడుతున్నందుకు సిగ్గు ఒకటి.

సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. మనిషి మనసు లెక్కలు వేసే తీరే అంత. డానియల్ కానెమన్, ఏమస్ ట్వర్స్కీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీని మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. చేతిలో మొత్తం ఎంతుందని మనం చూసుకోం, మనకి అలవాటైన చోటు నుంచి పెరిగిందా తగ్గిందా అని చూసుకుంటాం, వంద వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ చాలా ఎక్కువ అని వాళ్లు చూపించారు. ఎంత ఎక్కువంటే, రెండు రెట్లకు పైనే అని 1992లో లెక్క కూడా కట్టారు. ఇంట్లో ఖాళీగా ఉన్నరోజుల నుంచి లెక్కపెడితే ఇప్పుడొచ్చే జీతం లాభం, ఆఖరి జీతం దగ్గర నుంచి లెక్కపెడితే అదే జీతం నష్టం. మనలో ఎక్కువమంది ఆఖరి జీతం దగ్గర నుంచే మొదలుపెడతాం, ఎందుకంటే అది ఎన్నో ఏళ్లు కష్టపడి చేరుకున్న చోటు.

"అయితే పోల్చుకోకండి" అని సలహా ఇచ్చి ఊరుకోవచ్చు. ఆ సలహాతో ఎవరికీ నిద్ర పట్టినట్టు నేను చూడలేదు. దానికన్నా, మనం ఇంతలా పట్టుకు వేలాడే ఆ ఆఖరి జీతం అసలు దేనికిచ్చారో చూడండి.

ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థికవేత్త కూడా సరిగ్గా 1979లోనే ఒక ప్రశ్న వేశారు: ఫలానా వయసు రాగానే తప్పనిసరిగా రిటైర్ చేయడం ఎందుకని. ఆయన వాదన ఏమిటంటే, సీనియారిటీని బట్టి జీతం పెరిగే చోట ఏ ఏడాది పనికి ఆ ఏడాదే సరిగ్గా డబ్బివ్వరు. కుర్రవయసులో చేసే పనికన్నా తక్కువ ఇస్తారు, వయసు మీదపడ్డాక చేసే పనికన్నా ఎక్కువ ఇస్తారు. ముందుముందు బాగా వస్తుందన్న ఆశతో మనిషి మానేయకుండా, బద్ధకించకుండా పనిచేస్తాడని ఆ ఏర్పాటు. ఆ ఎక్కువ జీతం కలకాలం ఇవ్వలేరు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆపాలి, దానికే రిటైర్మెంట్. అన్ని ఉద్యోగాలకీ ఈ వాదన అతకదు, కానీ ఏటేటా ఇంక్రిమెంట్లతో పైకొచ్చినవాళ్లు ఒకసారి ఆలోచించండి. మీ ఆఖరి జీతంలో మీ పాతికేళ్ల వయసు నాటి బాకీ కూడా కలిసి ఉంది. ఆ బాకీ వాళ్లు తీర్చేశారు, మీరు పుచ్చుకున్నారు. ఇప్పుడొచ్చేది ఇప్పటి పనికి మాత్రమే. అది సగమైందంటే మీ విలువ సగమైందని అనుకోవడం, నన్నడిగితే, లెక్క తప్పు.

అలాగని ఎంతిస్తే అంత కళ్లకద్దుకోమని నేననడం లేదు. నిజంగా అన్యాయం జరిగే సందర్భాలున్నాయి. జపాన్‌లో అరవై ఏళ్లకి రిటైర్ చేసి, తక్కువ జీతానికి మళ్లీ తీసుకోవడం మామూలు. అక్కడ అలా తిరిగి చేరిన కొందరు లారీ డ్రైవర్లు, పని మారలేదు, జీతం మాత్రం ఎందుకు తగ్గించారని కోర్టుకెళ్లారు. 2018 జూన్ 1న అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మొత్తం మీద జీతం తగ్గడాన్ని తప్పుపట్టలేదు, పెన్షన్ రాబోతోంది కదా అనే సంగతీ లెక్కలోకి తీసుకుంది. కానీ నాగా పెట్టకుండా పనికొచ్చినందుకు ఇచ్చే అలవెన్సు వీళ్లకి ఇవ్వకపోవడం మాత్రం సరికాదంది, ఎందుకంటే రోజూ రావాల్సిన అవసరం ఇంకా రిటైర్ కాని రెగ్యులర్ డ్రైవర్లకైనా వీళ్లకైనా ఒకటే.

ఆ జడ్జీలు చూసినట్టే మీరూ ఒక్కో పద్దూ విడివిడిగా చూసుకోండి. ఇదివరకు మీ మీద టార్గెట్లు ఉండేవి, కిందివాళ్ల తప్పులకి మీరు జవాబు చెప్పేవారు, రాత్రి పదింటికి కూడా ఫోన్ ఎత్తాల్సి వచ్చేది, బదిలీ భయం ఒకటి. వాటిలో ఏవి పోయాయో, వాటితోపాటు పోయిన డబ్బు గురించి ఇక గింజుకోకండి. పోకుండా మిగిలినవి ఉంటే, అంటే జీతం తగ్గినా రాత్రి ఫోన్లు తగ్గకపోతే, అక్కడ మీకు కోపం రావడం న్యాయమే. ఆ కోపాన్ని ఇంట్లోవాళ్ల మీద చూపించకుండా ఆఫీసులో అడగండి. డబ్బు పెంచడం వాళ్ల చేతుల్లో లేకపోవచ్చు, గంటలు తగ్గించడం చాలాసార్లు చేతుల్లోనే ఉంటుంది.

మరో రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు. ఒకటి, "వీళ్లిచ్చేదానికి ఇది చాలు" అని కావాలని పని పాడుచేయడం. ముప్పై ఏళ్లు శ్రద్ధగా పనిచేసిన మనిషికి అలా చేస్తే సాయంత్రం ఇంటికొచ్చాక తన మీద తనకే చిరాకు, దానివల్ల యాజమాన్యానికి తగిలే దెబ్బ మాత్రం ఏమంత ఉండదు. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: నేనింకా పనికొస్తానని నిరూపించుకోవడానికి అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆలస్యంగా వెళ్లడం. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరూ అడగకుండా చేసినదానికి ఎవరూ మెచ్చుకోరు, అప్పుడు తక్కువ జీతం ఇంకా పెద్ద అవమానంగా కనిపిస్తుంది.

ఇంట్లో ఆ అంకె దాచేవాళ్లు కూడా ఉన్నారు. దాయకండి. దాచినకొద్దీ టెన్షన్ పెరుగుతుంది, పాత లెక్కలోనే ఖర్చులు పెట్టించాల్సి వస్తుంది, ఆ ఖర్చు చూసి మళ్లీ జీతం మీద దిగులు. భార్యకో భర్తకో, అవసరమైతే పిల్లలకో, ఇంతొస్తోంది, ఇందులో ఇది చేయగలం, ఇది చేయలేం అని ఒక్కసారి చెప్పేయండి.

ఇవన్నీ చేసినా ఆర్నెల్ల తర్వాత కూడా ప్రతి నెలా జీతం రోజున కడుపు మండుతూనే ఉంటే, మానేయండి. మొదటి ఉద్యోగంలో లేని వెసులుబాటు ఇది. అయితే కాంట్రాక్టు మళ్లీ రాసుకునే వేళ దాకా ఆగి, "ఈ జీతానికి వారంలో మూడు రోజులైతే వస్తాను" అని ఒక మాట అడిగి చూశాక మానేయండి. సరేనంటారేమో, ఎవరికి తెలుసు. నమస్కారం.