మంచం మీదున్నవాళ్ళకీ పని ఇవ్వండి

(విశాఖపట్నంలో ఒక సంఘ స్త్రీల సమాజం వార్షిక కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకి, భీమిలి నుంచీ పెదగంట్యాడ నుంచీ బస్సులు మారి వచ్చిన అక్కచెల్లెళ్ళకి, వెనకాల వంట దగ్గర ఉండిపోయినవాళ్ళకి కూడా వందనాలు. నాకు ఇచ్చిన అంశం ‘బలహీనతలో కృప’. కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నిన్ననే డయాలసిస్ అయింది, కాళ్ళలోకి ఇంకా బలం రాలేదు.

‘నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది.’ రెండో కొరింథీ పన్నెండో అధ్యాయం. ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. తన శరీరంలో ఉన్న ముల్లు తీసెయ్యమని పౌలు ముమ్మారు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. ఆ ముల్లు ఏ జబ్బో బైబిల్ చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను. నేను చూసేది ఒకటే. ముల్లు పోలేదని పౌలుకి పని తీసెయ్యలేదు దేవుడు. పౌలు చుట్టూ ఉన్నవాళ్ళని చూడండి. ఎపఫ్రొదితు చావుదాకా వెళ్ళి వచ్చాడు. తిమోతికి కడుపులో బాగుండేది కాదు, పైగా తరచూ వచ్చే బలహీనతలు. త్రోఫిము రోగి అయితే అతన్ని మిలేతులో వదిలి వచ్చానని పౌలే రాశాడు. ఎంతోమందిని స్వస్థపరిచిన పౌలు! త్రోఫిముకి విశ్వాసం తక్కువైందని ఒక్క మాట రాశాడా? వెతకండి, కనబడదు.

ఇక్కడే నా బాధ చెప్పుకోవాలి. జబ్బు పడ్డ ఇంటికి పరామర్శకి వచ్చి, మంచం పక్కన కూర్చుని, ‘ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి’ అంటారు. నన్నూ అన్నారు. ఒకాయన మందులు ఆపితేనే విశ్వాసం అన్నారు. అమ్మా, డయాలసిస్ ఆపితే మనిషి ఎన్నాళ్ళు ఉంటుందో ఆయనకి తెలుసా? యాకోబు పత్రికలో పెద్దల్ని పిలిపించుకోమని ఉంది. నేను పిలిపించుకుంటాను, నూనె రాయించుకుంటాను, స్వస్థత కావాలని ఈరోజుకీ అడుగుతున్నాను. మందూ వేసుకుంటాను.

డయాలసిస్ దగ్గర నా పక్క బెడ్ మీద సోంపేట వైపు ఊరి నుంచి వచ్చిన ఒక అక్క ఉంటుంది. కొడుకు గాజువాకలో పని చేస్తాడని ఇక్కడికి తెచ్చుకున్నాడు. శ్రీకాకుళం వైపు ఉద్దానం గురించి మీకు తెలుసు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, అటంతా కొబ్బరి, జీడితోటలు. పొలం పని చేసుకునే మనుషులకి కిడ్నీలు పోతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు చేస్తున్నారు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేకపోయారు. ఆ అక్క దగ్గరికి కూడా ఎవరో వెళ్ళి పాపం మాట ఎత్తారట. ఆమె నాతో అంది: ‘మా ఊర్ల ఎంతమంది పోనారో లెక్క లేదమ్మా. ఊరంతా పాపం సేసిందేటి?’

యోహాను తొమ్మిదిలో శిష్యులు అడిగిందీ ఇదే కదా. వీడు గుడ్డివాడుగా పుట్టడానికి పాపం ఎవరు చేశారు, వీడా, వీడి కన్నవాళ్ళా? వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదన్నాడు ప్రభువు. దేవుని క్రియలు వీడిలో కనబడాలన్నాడు. అక్కచెల్లెళ్ళారా, దయచేసి ఈ ఒక్కటి ఇంటికి పట్టుకెళ్ళండి. రోగి దగ్గరికి వెళ్ళినప్పుడు శిష్యుల ప్రశ్న వెయ్యకండి. కొబ్బరి బొండాలు కూడా వద్దు. ప్రేమతోనే తెస్తారు, నాకు తెలుసు. బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, అది మాకు పడదు, నీళ్ళు కూడా కొలిచి తాగాలి. ఏం తేవాలో ముందు ఫోన్ చేసి అడగండి.

అంశం నుంచి పక్కకి వచ్చేశాను. అయినా మన ఊరి సంగతి ఒకటి చెప్పే తీరాలి, పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు. 1805లో లండన్ మిషన్ వాళ్ళు ఇద్దరు, జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్, ఈ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి పక్కన కూర్చుని సాయం చేశాడు. 1809లో క్రాన్, ఆ మరుసటి ఏడు డెగ్రాంజెస్ చనిపోయారు. వాళ్ళు పని చేసిన సువార్తలు 1812లో బెంగాల్ శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పుస్తకం ఇద్దరూ చూడలేదు. తర్వాత అదే మిషన్ నుంచి వచ్చిన ప్రిచెట్ దొర మిగిలిన పని అందుకున్నాడు, 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఈ ఎండకి, ఈ ఉక్కకి, ఆ రోజుల జ్వరాలకి ఒక్కో వచనం కూర్చుకున్నారే, దాన్ని ఎవరు వృథా అంటారు? ‘ఈ ఐశ్వర్యము మంటి ఘటములలో మాకు కలదు’ అన్న మాట ఈ ఊళ్ళోనే జరిగింది.

వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడే నడవలేనివాళ్ళ కోసం పునరావాస కేంద్రం వచ్చిందంటే ఆమె వల్లే. ఆవిడ చుట్టూ ఉన్న డాక్టర్లు ‘ఇక రెస్ట్ తీసుకో తల్లీ’ అని ఊరుకోలేదు. కూర్చుని చెయ్యగలిగిన పని చూపించారు.

‘రెస్ట్ తీసుకోండమ్మా.’ ఈ మాట నేనూ విన్నాను. అప్పుడు మేం ఉన్న సంఘంలో సండే స్కూల్ చెప్పేదాన్ని. జబ్బు బయటపడగానే నా క్లాసు వేరేవాళ్ళకిచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, ఒక్క మాట అడక్కుండా ఇచ్చారు. తర్వాత గాయక బృందం లిస్టులో పేరు పోయింది, ఆ తర్వాత కూడికలకి పిలవడం కూడా మానేశారు. ప్రార్థన లిస్టులో మాత్రం మిగిలాను. కిడ్నీలు పోయినప్పటికంటే అప్పుడు ఎక్కువ ఏడ్చాను.

పని మళ్ళీ దొరికింది డయాలసిస్ మిషన్ మీదే. ఎడమ చేతికి రెండు సూదులు ఉంటాయి, ఒకదాంట్లోంచి రక్తం వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి వస్తుంది. ఆ చెయ్యి కదపకూడదు. ఫిస్టులా, అంటే సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, దాని మీద వేలు పెడితే లోపల గుయ్యిమని రక్తం పరిగెత్తడం తెలుస్తుంది. ఏసీకి వణుకు, ఆఖర్లో పిక్కలు పట్టేస్తాయి. కానీ నాలుగు గంటలపాటు కుడి చెయ్యి ఖాళీ! ఫోన్ పట్టుకోవచ్చు. మొదట ఇల్లు కదలలేని ఒక పెద్దావిడకి చేశాను. తర్వాత నా పాత క్లాసు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసి కంఠత వాక్యాలు అప్పజెప్పడం మొదలెట్టారు. స్పీకర్ పెడితే సోంపేట అక్క కూడా వింటుంది. ఒకరోజు ఒక పిల్ల ఇరవై మూడో కీర్తన మధ్యలో ఆగిపోతే, చదువు రాని ఆ అక్క పక్క బెడ్ మీంచి తర్వాతి మాట అందించింది. నర్సమ్మాయి సూది చూస్తూ చూస్తూ నవ్వేసింది.

అందుకని, పెద్దలు కూడా ఉన్నారు కాబట్టి, నేను అడగాల్సింది అడిగేస్తాను. మన సంఘంలో మంచం పట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యండి, మానకండి. దాంతో పాటు వాళ్ళకి పని ఇవ్వండి. సండే స్కూల్ పిల్లల వాక్యాలు వినే పని, పరీక్షలు రాసే పిల్లల పేర్లు పట్టుకుని ప్రార్థించే పని, కొత్తగా ఆస్పత్రిలో చేరినవాళ్ళకి ధైర్యం చెప్పే పని. ముందు వాళ్ళనే అడగండి, ఏం చెయ్యగలరో, ఎంతసేపు చెయ్యగలరో. ఓపిక లేని రోజు చెయ్యరు, దానికి వాళ్ళని ఏమీ అనకండి. ఇంకోటి, గుడి మెట్లకి పట్టుకోవడానికి కడ్డీ లేదు. ఈ పండగ కానుకలో అది పెట్టించండి అయ్యగారూ.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో కదల్లేని విశ్వాసుల పేరు, ఫోన్ నంబరు వాళ్ళని అడిగి రాయండి. రేపు ఆరాధన అయ్యాక ఆ పుస్తకం నాకివ్వండి. సోమవారం పొద్దున్న మిషన్ మీద ఉంటాను, అప్పుడే ఫోన్లు మొదలుపెడతాను.